రెండిళ్ల నడుమ గోడ

చిలకలగూడ గుట్టవాలులో సదాశివ ఇల్లు పైన, జైతున్ బీ ఇల్లు కింద. పై పెరటి మట్టి కింది వాకిట్లోకి జారకుండా నడుమ నిలువెత్తు రాతి గోడ. భర్త పోయాక జైతున్ బీ ఆ గోడ నీడలోనే కూర్చుని బొంతలు కుట్టి, ఇద్దరు కూతుళ్లకు పెళ్లిళ్లు చేసింది. ఎవరి సాయమూ అడగలేదన్నది ఆమె గర్వం.

1948 వానాకాలం మొదట్లో ఆ గోడ మధ్యలో ఉబ్బింది.

"మట్టి నీది, గోడ నువ్వే కట్టియ్యాలె" అంది జైతున్ బీ.

"పునాది నీ జాగల ఉంది గదక్కా" అన్నాడు సదాశివ. అతను రైల్వేలో ఫిట్టరు.

మాట పెరిగి, పలకరింపులే ఆగిపోయాయి.

సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో నిజాం సర్కారు లొంగిపోయింది. ముస్లింల ఇళ్లకు ఎక్కడ ఏం జరుగుతుందోనన్న భయం వీధివీధికీ పాకింది. రెజిమెంటల్ బజారు నుంచి జైతున్ బీ తమ్ముడు నాసర్ వచ్చి, "ఒక్కదానివి ఇక్కడుండకు ఆపా, నా ఎంట రా" అన్నాడు. ఆమె బట్టలు మూట కట్టుకుంది.

బయల్దేరబోతుండగా గోడలోంచి ఒక రాయి ఊడి వాకిట్లో పడింది. పైన గోడ అంచునే సదాశివ భార్య అనసూయమ్మ వంటపాక. జైతున్ బీ మూట కింద పెట్టి గబగబా పైకెక్కింది.

"అనసూయా, పొయ్యి కాడికెల్లి బయటికి రా! గోడ పోయేటట్టుంది."

అనసూయమ్మ, వెనకే సదాశివ బయటికొచ్చారు. జైతున్ బీ ఆయాసపడుతూనే చెప్పింది.

"గోడల నీళ్లు పోయే తూములు నేనే మూసిన తమ్మీ. మీ స్నానం నీళ్లు నా బొంతల మీదికొస్తున్నయని పేలికలు కుక్కి సున్నం పెట్టిన. నీళ్లన్నీ లోపల్నే నిలిచినయి."

సదాశివ ముఖం ఎర్రబడింది. భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"నేను సుత తక్కువ చెయ్యలే" అన్నాడు చివరికి. "స్నానాల గది కోసమని గోడెనక రెండు జేనల ఎత్తు మట్టి ఎక్కువ పోయించిన. ఆ బరువు సుత ఉంది."

"గిప్పుడు గోడ ముచ్చటనా ఆపా? నడువు" అన్నాడు నాసర్.

"జెర ఆగు. నువ్వు సుత ఒక చెయ్యెయ్యి."

ఆ రోజుల్లో మేస్త్రీలు దొరకలేదు. ఇనుప చువ్వతో పేలికలు లాగగానే బురదనీళ్లు చిమ్మాయి. నీళ్లు తగ్గాక పైనుంచి ఒక్కో రాయీ దింపారు, వెనక మట్టి తవ్వి తగ్గించారు. వారం రోజులు రెండు వాకిళ్లూ ఒకటే అయ్యాయి. నాసర్ ఒకరోజు చెయ్యేసి, అక్క రానంటే ఒక్కడే వెళ్లిపోయాడు. అనసూయమ్మ జైతున్ బీని పై ఇంట్లోనే ఉంచుకుంది. మూడోనాడు కర్రలు పట్టుకున్న నలుగురు వచ్చి, కింది ఇల్లు ఎవరిదని అడిగారు.

"రెండూ మావే. పనిల ఉన్నం" అన్నాడు సదాశివ, గడ్డపార వదలకుండా.

వాళ్లు రెండు వాకిళ్లూ చూసి వెళ్లిపోయారు. జైతున్ బీ చేతుల్లోని రాయిని తీసుకెళ్లి పక్కన పేర్చింది.

మళ్లీ కట్టేటప్పుడు తూములు వదిలారు. స్నానం నీళ్లు సందులోకి పోయేలా కాలువ తీశారు. తర్వాత ప్రతి వానాకాలం ముందూ జైతున్ బీ కింద తూములు పొడిచేది, సదాశివ పైన కాలువలో పూడిక తీసేవాడు. గొడవలు పూర్తిగా మానారనేమీ కాదు. మునగచెట్టు కొమ్మ గురించి ఒక ఏడాదంతా సణుక్కున్నారు.

నాసర్‌తో వెళ్లనందుకు ఎప్పుడన్నా బాధపడ్డావా అని పెద్దకూతురు అడిగితే, జైతున్ బీ సూదిలో దారం ఎక్కిస్తూ, "బాధ లేదు బిడ్డా. భయం పోనీకి మాత్రం శానా దినాలు పట్టింది" అంది.