పడటం నేర్పిన సీజన్

సింగపూర్‌లో మా తెలుగు ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టుకు ఒక సీజనంతా నేనే ఎటాక్ కోఆర్డినేటర్‌ని. బంతి ఎవరి నుంచి ఎవరికి పోవాలో, ఎవరు ఎటు పరుగెత్తాలో చెప్పడం నా పని. చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు ఉద్యోగం కదా, ఆ అలవాటుకొద్దీ రంగురంగుల బాణాలతో స్లైడ్లు చేశాను. అందరూ బుద్ధిగా తలలూపారు. మైదానంలో దిగాక మాత్రం బంతిని వదిలేసి నా వంక చూసేవారు. నేను ఒకరికి అరిచి చెప్పేలోపు బంతి ఇంకెవరి దగ్గరో ఉండేది. వరసగా ఓడిపోయాం.

హెడ్ కోచ్ అంకుల్ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగాయన, మాట చివర ఇక్కడివాళ్ల ‘లా’ తగిలిస్తారు. ఒకరోజు తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో కూర్చోబెట్టి టీ ఇప్పించారు.

"ఏమనుకోకమ్మా, ఎటాక్ వేరేవాళ్లు చూస్తారు లా. నువ్వు కొంచెం రెస్ట్ తీసుకో."

రెస్ట్ అన్న మాటకు నాకు ఒళ్లు మండింది. ఆఫీసులో, ఇంట్లో నేను అందరి పనీ చేస్తాను. నాకోసం నేను చేసుకునేది ఆ ఆదివారం ఆట ఒక్కటే. అదీ పోతే ఇంకేం మిగులుతుంది?

"రెస్ట్ వద్దంకుల్. ఇంకో పని చెప్పండి."

"గోల్‌కీపర్‌ని చూసేవాళ్లు లేరు. నువ్వెప్పుడైనా కీపింగ్ చేశావా?"

"లేదు. నేర్చుకుంటాను."

బుకిట్ బటోక్‌లో మా ఇంటి దాకా రైల్లో కోపంగానే కూర్చున్నాను. ఒక పని చేతకానంత మాత్రాన నేనసలు దేనికీ పనికిరానా? చూద్దాం అనుకున్నాను.

మా గోల్‌కీపర్ తెలంగాణ అమ్మాయి. బంతి పక్కకు వస్తే నిలబడి చూస్తుందే తప్ప దూకదు. ఆమెకు బంతంటే భయమని జట్టంతా అనుకునేది, నేనూ అనుకున్నాను. ఇప్పుడు నేను చూడాల్సింది ఆమె ఒక్కదాన్నే కాబట్టి బాగా చూశాను. బంతి సూటిగా మొహం మీదికి వచ్చినా ఆమె రెప్ప వేయదు. పక్కకు వచ్చినప్పుడే మోకాళ్లు బిగుసుకుంటాయి.

ఓ ఆదివారం పిడుగుల హెచ్చరిక మోగింది. అందరం మైదానం వదిలి పక్క ఫ్లాట్ల కింద ఉండే ఖాళీ జాగాలోకి పరుగెత్తాం. అక్కడ బంతి ఆటలు కూడవని బోర్డు ఉంది. మిగతావాళ్లు మకాన్ డబ్బాలు, అదే తిండి డబ్బాలు, విప్పారు. నేను ఆమె పక్కన కూర్చుని అడిగాను.

"నీకు భయం బంతంటేనా, కింద పడ్డమంటేనా?"

"పడుడే అక్కా. ఎట్ల పడాల్నో నాకెవ్వలన్న చెప్పిన్రా?"

ఎవరూ చెప్పలేదు. ఎవరి దగ్గరో యోగా మ్యాట్ ఉంటే అడిగి తెచ్చి పరిచాను. ఇంటి దగ్గర వీడియోలు చూసి నేర్చుకున్నట్టుగా ముందు నేనే పడి చూపించాను. తర్వాత ఆమెను కూర్చుని పడమన్నాను, ఆపైన మోకాళ్ల మీంచి, చివరికి నిలబడి. అందరూ నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను. ఆ రోజు నుంచి మా ప్రాక్టీసు పడటంతోనే మొదలు. బంతి ఆ తర్వాతే.

తర్వాతి సీజన్ మొదటి మ్యాచ్‌లో ఒక గోల్ ముందున్నాం. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా అవతలి జట్టు పిల్ల ఎడమ మూలకు బలంగా కొట్టింది. అరవడానికి నోరు తెరిచి, బలవంతంగా మూసుకున్నాను. మా అమ్మాయి ఒళ్లంతా చాచి పడింది. బంతి వేళ్లకు తగిలి బయటికి పోయింది.

ఆమె లేచింది, నా వంక మాత్రం చూడలేదు. బంతినే చూస్తోంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మళ్లీ ఎటాక్ చూస్తావామ్మా?" అన్నారు అంకుల్ ఆట అయ్యాక.

"వద్దంకుల్. ఇంకో కీపర్‌ని వెతకండి. నాకు ఒక్కరు చాలట్లేదు."