నేను కొట్టేయించిన నాలుగు వాక్యాలు

ఈ పత్రికలో రష్యా అమ్మాయి కథలు రాస్తూ వచ్చిన నా భార్య పోయిన శుక్రవారం ఉదయం నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆ కథల కోసం ఎదురుచూసే పాఠకులకు ఈ మాట నేనే చెప్పాలి. ఇక కథలు రావు.

రోదసిలోకి వెళ్ళివచ్చిన మొదటి ఆడమనిషి, ఆ రష్యా అమ్మాయి ఫొటో పేపర్లో పడిన రోజున, దాన్ని కత్తిరించి వంటింట్లో ఉప్పుజాడీ పైన గోడకు అంటించింది. ఆ వారమే మొదటి కథ రాసింది. నిజంగా బతికి ఉన్న మనిషిని కల్పిత కథల్లో తిప్పడం ఏమిటని అడిగాను.

"ఆమెకేం పోయింది? మన ఊరు చూసిపోతాది," అంది.

ఆ కథలో రష్యా అమ్మాయి నౌక దారి తప్పి, ఎండాకాలం ఎండిపోయి తెల్లబడిన పులికాట్ సరస్సులో దిగుతుంది. ఆమె దొరవారిసత్రం దాకా నడిచివచ్చి మా గుమ్మంలో మంచినీళ్ళు అడుగుతుంది.

కథను ముందుగా వినేది మాకు చేపలు తెచ్చే అవ్వ. "పైన వొంటిగా ఉంటే, అన్నం తింటివా అని ఆ బిడ్డను ఎవురడగతారమ్మా?" అందట. తర్వాతి కథలన్నిటిలో భూమి మీది నుంచి రేడియోలో మొదట అడిగే ప్రశ్న అదే.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ప్రతి కథనూ ఎర్రపెన్సిలుతో దిద్దేవాణ్ణి. అక్కడ గాలి లేదు, చప్పుడు వినపడదు. గ్లాసులో నీళ్ళు నిలవవు. ఆమె వాదించేది కాదు, మళ్ళీ శుభ్రంగా రాసేది. "పిల్లకాయల పేపరు మాదిరి దిద్దినారే. మార్కులు కూడా వేయండి," అని ఒకసారి ఎగతాళి చేసింది. వేశాను. నూటికి అరవై. సైన్సు తప్పులు లేని కథలని పాఠకులు ఉత్తరాలు రాస్తే, ఆ మెప్పు నాదే అనుకున్నాను.

చివరి కథలో, నౌకలో ఉన్న రష్యా అమ్మాయి గురించి ఇలా రాసింది. 'కడుపులో కుడివైపు నొప్పి వచ్చినా కింద వాళ్ళకు చెప్పలేదు. చెబితే పని మానుకుని దిగులుపడతారు. కూర్చుంటే ఓర్చుకోవచ్చు. లేచి నిలబడితేనే కష్టం.'

నాలుగు వాక్యాలు. పక్కన రాశాను: 'బరువే లేనిచోట లేచి నిలబడడం ఏమిటి? పైగా నొప్పి దాచేవాళ్ళను పంపరు. తీసెయ్యి.'

"నిజమే, పైన నిలబడేది ఉండదు గదా," అని కొట్టేసింది. అన్ని కథలు దిద్దించుకున్న మనిషి అంత చిన్న తప్పు చేయదు. అది నాకు తట్టలేదు. ఆ పూట వడ్డించడానికి గోడ పట్టుకుని లేచింది. చూశాను. కాలు తిమ్మిరి అనుకున్నాను.

ఆరు నెలల తర్వాత నెల్లూరులో డాక్టరు, ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ గమనించలేదా అని నన్ను అడిగాడు. మంచం మీది నుంచి ఆమే జవాబు చెప్పింది. "ఆయనకు నేను చెప్పలేదు సార్."

చెప్పింది. రాసి చేతికిచ్చింది. నేను దిద్దాను.

అచ్చయిన కథలో ఆ వాక్యాలు లేవు. రష్యా అమ్మాయి ఏ నొప్పీ లేకుండా సరస్సు దాటివచ్చి, మా గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు తాగుతుంది. సైన్సు తప్పు ఒక్కటీ లేదు.

నిన్న చేపల అవ్వ వచ్చింది. గంప దించలేదు. గుమ్మంలోనే నిలబడి, లోపల వంటింటి గోడ మీది ఫొటో వైపు కాసేపు చూసింది.

"అన్నం తింటివా నాయనా?" అని అడిగింది.

తిన్నానన్నాను.