స్కేటింగ్ హాల్లో రుంబా

చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ ఆమెవి పాముచెవులనేవారు. వంటింట్లో పాలు పొంగబోయే ముందు గిన్నె అడుగున వచ్చే సన్నని గరగరను ముందుగదిలో కూర్చుని పట్టేసేది. ఇప్పుడు ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. కళ్లద్దాల షాపు వెనకగదిలో అద్దాలను సానపట్టి ఫ్రేముల్లో బిగించే పని. అద్దం కొలతకు వచ్చిందో లేదో మిగతావాళ్లు కొలిచి చూసుకుంటే, ఆమె మాత్రం సానచక్రం మీద చప్పుడు మారగానే చెయ్యి వెనక్కి తీసేసేది. తీశాక కొలిచి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. షాపులో పిన్నా పెద్దా అందరికీ ఆమె లెన్సక్క.

ఆ చెవులే ఒక శుక్రవారం పొద్దున్న ఆమెను మెట్ల మీద నిలబెట్టేశాయి.

ఆరోజు కళ్లద్దాలు ఇళ్లకు చేర్చే మనిషి రాలేదు. మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ అద్దాలు లేక రెండురోజులుగా ఇబ్బంది పడుతోందని షాపు యజమాని అంటే, లెన్సక్క తానే బయల్దేరింది. రెండో అంతస్తు మలుపు తిరుగుతుండగా పైనుంచి సన్నగా వినపడింది. చిక్కుచిక్కు టొక్, చిక్కుచిక్కు టొక్ టొక్. రేకు డబ్బాలో ఇసుక పోసి ఎవరో లెక్కప్రకారం ఊపుతున్నట్టు. దానికింద పిల్లి కడుపులో గురగురలాగా ఒక బేసు.

లెన్సక్క చేత్తో పిట్టగోడ పట్టుకుంది. ఈ చప్పుడు విని ముప్పై ఆరేళ్లు దాటింది.

ఆమెకు పదేళ్లప్పుడు, బస్సు డ్రైవరైన వాళ్ల నాన్న తోటి డ్రైవరు దగ్గర ఒక పాత కీబోర్డు కొనుక్కొచ్చాడు. మూరెడు పొడవు బూడిదరంగు డబ్బా, చిన్నపిల్లల చిటికెనవేళ్లకే సరిపోయే, నొక్కి వాయించే సన్నటి మెట్లు. ఫ్లూటు అని రాసి ఉన్న బటన్ నొక్కితే జలుబు చేసినవాడు ఈలవేసినట్టుండేది. వయొలిన్ అంటే తుమ్మెద సీసాలో పడ్డట్టే. మార్చ్, వాల్ట్జ్, రుంబా అని తాళాలకు మూడు బటన్లు. రుంబా అంటే ఏమిటో ఆమెకూ అన్నయ్యకూ తెలీదు. లావుపాటి మావయ్య ఎవరో అయ్యుంటాడని అన్నయ్య తేల్చేశాడు. ఆ మావయ్య నడక అలాగే ఉంటుందని ఈమె ఒప్పేసుకుంది.

ఆ డబ్బాకు చిన్న మైకు కూడా ఉండేది. ఎదురుగా ఏ చప్పుడు చేసినా అందులో ఒక సెకను ముక్కను దాచుకుని, ఏ మెట్టు నొక్కితే ఆ శ్రుతిలో తిరిగి అనేది. అన్నాచెల్లెళ్లు కాపుకాసి నాయనమ్మ తుమ్మును పట్టారు. ఆ సాయంత్రం మార్చ్ తాళానికి నాయనమ్మ సన్నగానూ బొంగురుగానూ ముప్పైరకాలుగా తుమ్మింది. అసలు నాయనమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుని, "ఇక చాలురా, నాకు నిజంగానే జలుబు చేసేలా ఉంది" అంది.

రెండేళ్ల తర్వాత బ్యాటరీలు కారిపోయి అది మూగబోయింది. ఇల్లు మారేటప్పుడు అమ్మ దాన్ని పాతసామాన్లవాడి బండెక్కించేసింది. తర్వాత పెళ్లి, కూతురు, కూతురి చదువు, ఉద్యోగం. మధ్యలో ఒకసారి ఫోన్లో కీబోర్డు యాప్ పెట్టుకుని చూసింది. అందులో ఫ్లూటు అచ్చం ఫ్లూటులాగే ఉంది. రెండునిమిషాలకే తీసేసింది.

మిగిలిన మెట్లన్నీ లెన్సక్క ఒక్క పరుగున ఎక్కింది. తలుపు తీసిన పెద్దావిడకు అద్దాల డబ్బా చేతికివ్వడం మాని, "రుంబాయే కదండీ?" అంది.

పెద్దావిడ కళ్లు చికిలించి చూసింది. "దాన్ని పేరుపెట్టి అడిగినదానివి నువ్వొక్కదానివేనమ్మాయ్. లోపలికి రా."

ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. అది వారపు రోజుల ఉద్యోగమట. శని ఆదివారాల్లో మాత్రం పెద్దవీధి చివర స్కేటింగ్ హాల్లో కీబోర్డు వాయించేది. పద్దెనిమిదేళ్లు వాయించింది. ఒక మూల ఎత్తుబల్ల మీద ఆవిడ కూర్చుంటే, హాలంతా చక్రాలబూట్ల మీద ఆవిడ తాళానికి తిరిగేది. రికార్డు పాటలు వచ్చాక ఆ బల్ల తీసేశారు.

అలమరా తెరిచి చూపించింది. పాత దుప్పట్లలో చుట్టి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు ఆరు కీబోర్డులు. హాలుకు వాడినవి, తర్వాత ఎక్కడ కనిపిస్తే అక్కడ కొనుక్కున్నవి. మోగేది బయట ఉన్న ఒక్కటే, అందులోనూ రెండుమెట్లు పలకవు. రిపేరు షాపులకు తీసుకెళ్తే, వీటికి విడిభాగాలు రావు, పారేసి కొత్తది కొనుక్కోమన్నారని చెప్పింది.

లెన్సక్క ఒకదాన్ని బోర్లా తిప్పి చూసింది. చిన్న చిన్న మరమేకులు. కళ్లద్దాల ఫ్రేము మరల కన్నా పెద్దవే. రోజుకు నూటయాభై మరలు తిప్పే చెయ్యి ఆమెది. ఆ వేళ్లు అక్కడికక్కడే దురదపెట్టాయి.

"ఆదివారం వస్తాను పిన్నిగారూ," అంది. పిలుపు ఎప్పుడు మారిందో ఆమెకే తెలీలేదు.

ఆదివారం చెప్పిన వేళకు గంటముందే వచ్చింది. సంచీలో మరలు తిప్పే స్క్రూడ్రైవర్ల సెట్టు, పట్టుకారు, అద్దాలు తుడిచే గుడ్డ, స్పిరిట్ సీసా. మొదటిదాన్ని విప్పేసరికి లోపల ఇరవైఏళ్ల దుమ్ము, ఒక పెన్ను మూత, ఎండిపోయిన బొద్దింక. మెట్ల కింద రబ్బరు పట్టీ, పట్టీకింద వరసగా నల్లటి చుక్కలు. మెట్టు నొక్కితే ఆ చుక్క వెళ్లి కిందిపలకను తాకాలి. దుమ్ము అడ్డమైతే తాకదు. అంతే రోగం. ఆమె ఒక్కొక్క చుక్కనూ స్పిరిట్ అద్దిన గుడ్డతో, ఖరీదైన అద్దాన్ని తుడిచినంత మెల్లిగా తుడిచింది. మళ్లీ బిగించి మీట జరిపింది.

పలికింది. జలుబు చేసిన ఈల, అదే.

ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. పెద్దావిడ లేచి వెళ్లి కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచింది, వీధికి కూడా వినపడాలని.

రెండోదానికి బ్యాటరీ అరలో తుప్పు. వెనిగర్ తడితో రుద్దితే వదిలింది. మూడోదాని దగ్గర మాత్రం తొందర కొంప ముంచింది. పైమూత విసురుగా ఎత్తింది, రెండుపలకల్ని కలిపే చదునైన తీగల పట్టీ పుటుక్కుమంది. అది హాల్లో పద్దెనిమిదేళ్లూ తాళం నడిపిన కీబోర్డని పెద్దావిడ అంతకుముందే చెప్పి ఉంది. లెన్సక్క పట్టుకారు కింద పెట్టేసింది. పెద్దావిడ మాత్రం, ఎలాగూ పాతికేళ్లుగా మూగగా పడున్నదే, ఇవాళ నువ్వు కొత్తగా చంపిందేమీ లేదని సర్దిచెప్పింది.

లెన్సక్క అన్నయ్యకు ఫోను చేసింది. ఆయన లిఫ్టు మెకానిక్కు. చెల్లెలు ఏం చెబుతోందో సగం అర్థంకాకపోయినా, వెనక నుంచి వినపడుతున్న తాళం అర్థమైంది. అరగంటలో టంకం పెట్టె చంకన పెట్టుకుని దిగాడు. వస్తూనే గుమ్మంలో ఆగి, "ఒసేయ్ పాముచెవులూ, రుంబా మావయ్య ఎక్కడే?" అన్నాడు. యాభై రెండేళ్ల మనిషి మొహం వెలిగిపోతోంది.

తెగిన పట్టీలో పదకొండు తీగలు. ఒక్కొక్కటీ వెంట్రుకంత. లెన్సక్క పట్టుకారుతో తీగను పట్టుకుంటే, అన్నయ్య ఊపిరి బిగబట్టి టంకం చుక్క పెట్టాడు. రెండుగంటలు పట్టింది. అన్నం తినడానికి ఎప్పుడొస్తారని వదిన రెండుసార్లు ఫోను చేస్తే, మూడోసారికి ఆయన ఎత్తడమే మానేశాడు. పదకొండో తీగ అతికాక మీట జరిపితే ఎర్రదీపం వెలిగింది. పెద్దావిడ వంగి రుంబా నొక్కింది. మిగతావాటికన్నా నిండుగా, గుండ్రంగా ఉంది బేసు.

అప్పుడు చెప్పింది పెద్దావిడ, వేగం మీట సంగతి. రుంబా బటన్ పక్కన జారుడుమీట ఒకటుంది. దాన్ని గోరంత ముందుకు జరిపితే తాళం గోరంత వేగమవుతుంది. హాల్లో ఎవరికీ తెలియకుండా మెల్లమెల్లగా జరిపేదట. వందమంది తమకు తెలియకుండానే వేగం పుంజుకునేవారట. "అప్పుడు నాకు ఎట్లా ఉండేదనుకున్నావ్? ఆ హాలు మొత్తాన్ని చూపుడువేలి మీద తిప్పుతున్నట్టుండేది" అంది.

ఆ మాట లెన్సక్కను నిద్రపోనివ్వలేదు. సోమవారం షాపు నుంచి తిన్నగా స్కేటింగ్ హాలుకే వెళ్లింది. కట్టించినాయన పోయాడు, కూతురు నడుపుతోంది. అడిగితే ముందు తల అడ్డంగా ఊపింది. ఇప్పటి పిల్లలకు దడదడలాడే పాటలు కావాలని, ఆ టిక్కుటిక్కులకు నవ్వుతారని చెప్పింది. కీబోర్డు వాయించేదెవరో లెన్సక్క చెప్పాక మాత్రం మెత్తబడింది. తాను నడక నేర్చిందీ చక్రాల మీద నిలబడటం నేర్చిందీ ఒకేఏడు, ఆ బల్ల పక్కనేనంది. చివరికి శనివారం మధ్యాహ్నం పావుగంట ఇస్తానంది. పిల్లలు గోలచేస్తే అక్కడితో ఆపేయాలి.

ఆ సాయంత్రమే వెళ్లి చెబితే పెద్దావిడ ససేమిరా అంది. కుడిచేతి రెండువేళ్లు వంగవు, నలుగురిలో నగుబాటు ఎందుకంది. లెన్సక్క ఆవిడ ఎడమచేతిని పట్టుకుని కీబోర్డు మెట్ల మీద పెట్టింది.

"మీరు తాళమూ, ఎడమచేతి వాయింపూ చూసుకోండి పిన్నిగారూ. ఒక్కవేలితో నొక్కితే మిగతా స్వరాలు కీబోర్డే కలిపేస్తుంది కదా. కుడిచేతి పాట నేను వాయిస్తాను."

"నీకు వచ్చా?"

"రాదు. శనివారానికి ఇంకా అయిదురోజులున్నాయి."

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఆరింటికల్లా మూడో అంతస్తులో సాధన. పెద్దావిడ టెలిఫోన్ ఆపరేటరు గొంతుతో, తప్పు మెట్టు నొక్కినప్పుడల్లా, "రాంగ్ నంబరు" అనేది. బుధవారానికి పదిహేను రాంగ్ నంబర్లు. శుక్రవారానికి మూడు.

శనివారం హాల్లో అరవైమంది పిల్లలు. చక్రాల హోరుకు కీబోర్డు సొంత స్పీకరు ఏమూలకూ సరిపోలేదు. వెనక హెడ్‌ఫోను రంధ్రం నుంచి హాలు స్పీకర్లకు తీగ కలిపారు. కలిస్తే మోగుతోంది, వదిలితే ఆగుతోంది. ఆ రంధ్రం వదులైపోయింది. విప్పడానికి వేళలేదు. అన్నయ్య బల్ల వెనక మోకాళ్ల మీద కూర్చుని తీగను ఒక కోణంలో వంచి పట్టుకున్నాడు. తుమ్మొచ్చినా కదలొద్దని లెన్సక్క చెప్పింది.

పెద్దావిడ రుంబా నొక్కింది. చిక్కుచిక్కు టొక్. అంతపెద్ద స్పీకర్లలోంచి అంత చిన్న చప్పుడు వచ్చేసరికి పిల్లలు ఆగి వెనక్కి చూశారు. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. ఒక పిల్ల బల్ల దాకా జారుకుంటూ వచ్చి అది ఆటబొమ్మా అని అడిగింది. అవునని చెప్పి, మొదటి స్వరం నొక్కింది లెన్సక్క.

మొదటి చుట్టు ఎవరి దారి వాళ్లదే. రెండో చుట్టుకు ఆ పిల్ల కాళ్లు తాళంలో పడ్డాయి, ఎడమ, కుడి. వెనకవాళ్లు ఆ పిల్లను చూసి తాళంలో పడ్డారు. ఎవరికీ ఏమీ వినపడకముందే లెన్సక్కకు వినపడింది. గందరగోళంగా ఉన్న చక్రాల హోరు విడివిడిగా తెగి, దువ్వెనతో దువ్వినట్టు వరసలు కట్టి, తాళం మీద వచ్చి కూర్చుంది. పాట మధ్యలోనే పక్కకు తిరిగి, "తాళంలో పడ్డారు పిన్నిగారూ, అందరూ పడ్డారు" అంది.

పెద్దావిడ చూపుడువేలు జారుడుమీట మీదికి వెళ్లింది. గోరంత. ఇంకో గోరంత. అరవైమంది గాలిలా కదిలారు. కేకలు మొదలయ్యాయి, కానీ అవి సంతోషం కేకలు. లెన్సక్క కుడిచేయి ఆ వేగం అందుకోలేక స్వరాలు మింగేస్తోంది, అయినా ఆపలేదు. హాలు యజమానురాలు గోడ దగ్గర ఒంటికాలి మీద నిలబడి బూట్లు కట్టుకోవడం కనిపించింది. మరుక్షణం ఆవిడా గుంపులో ఉంది. పెద్దావిడ మీటను చిట్టచివరికి తోసేసింది. ఆ వేగానికి నలుగురు మలుపు దగ్గర ఒకరిమీద ఒకరు కూలబడి, పడ్డచోటే నవ్వుతూ చేతులూపారు.

పావుగంట అనుకున్నది గంటా పదినిమిషాలైంది. ఆపింది పిల్లలు కాదు, అన్నయ్య. కాళ్లు తిమ్మిరెక్కి పక్కకు ఒరిగాడు. తీగ ఊడింది.

ఇప్పుడు నెలకో శనివారం మధ్యాహ్నం ఆ బల్ల వాళ్లదే. వాయించిన పాట కన్నా ఆ సంగతి వీధుల్లో ఎక్కువ దూరం పోయింది. అటకల మీంచి కీబోర్డులు దిగడం మొదలైంది. కళ్లద్దాలకని వచ్చేవాళ్లు చంకలో ఒక మూటతో వస్తున్నారు. షాపు యజమాని మొదట విసుక్కున్నాడు, తర్వాత వెనకగదిలో ఒక అర ఖాళీచేసి ఇచ్చాడు. ఆయన కీబోర్డు కూడా ఒకటి అందులో వరసలో ఉంది.

పోయిన ఆదివారం ఒక రిటైరైన పోస్టుమ్యాను తెచ్చిన కీబోర్డు లాంటిది ఇద్దరూ ఎన్నడూ చూడలేదు. పక్కన గొట్టం పెట్టి నోటితో ఊదే రంధ్రముంది. వంద శబ్దాల పట్టికలో చివరి పది పేర్లు అరిగిపోయాయి. లెన్సక్క ఆఖరి మర బిగించి దాన్ని బల్ల మధ్యకు జరిపింది. మీరు నొక్కండంటే నువ్వు నొక్కమని కాసేపు వాదులాట.

"పేర్లున్నవి తర్వాత చూద్దాంలే," అంది పెద్దావిడ కుర్చీ ముందుకు లాక్కుంటూ. "ముందు తొంభై ఒకటి కొట్టమ్మాయ్."