ఎద్దుల తాతకు ఆముదం

ఫోను కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో మనిషికి రెండు బతుకులుండేవి. (ఇప్పుడు మూడో నాలుగో ఉన్నట్టున్నాయి, నేను లెక్కపెట్టడం మానేశాను.) ఇరవై నాలుగేళ్ల వయసులో నేను వారానికి ఆరు రోజులు నంద్యాలలో పురుగుమందుల అంగట్లో గుమాస్తాను, ఆదివారం ఆళ్లగడ్డ పక్కన మా ఊళ్లో ఎందుకూ పనికిరాని కొడుకును. వ్యవసాయం చదివి డిగ్రీ తెచ్చుకున్నా మా నాయన దగ్గర నా మాట చెల్లేది కాదు. "పురుగు కనపడకుండా పత్తికి మందు కొట్టొద్దు నాయనా" అంటే, "నువ్ పుట్టకముందు నుంచి సేద్యం చేస్తాండా. నాకు చెప్పొచ్చినావే!" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "మావాడు చెప్పింది నిజమే" అని ఆయన నోట వినాలని నా కోరిక.

ఆ మంటలోనే ఫేస్‌బుక్‌లో ఒక రైతుల గ్రూపులో దొంగపేరుతో చేరాను. నా ఫొటోకు బదులు జత ఎద్దుల బొమ్మ పెట్టి, ఊరు నంద్యాలని, వయసు డెబ్బై రెండని రాసుకున్నాను. "నాయనలారా, నా అనుభవంతో చెప్తాండా" అని మొదలుపెట్టి, కాలేజీలో బట్టీపట్టిన పాఠాలే వదిలాను. (మందుల అంగట్లో కూచుని మందు కొట్టొద్దని రాస్తున్నానని మా ఓనరుకు తెలిస్తే నన్నే కొట్టేవాడు.) నెల తిరక్కుండానే గ్రూపంతా "ఎద్దుల తాతా" అంటూ దండాలు పెట్టసాగింది. ఆ తాత మెల్లగా నా ఒంట్లోకి దిగాడు. చేతులు వెనక్కి కట్టుకుని నడవడం, ఊరికే గొంతు సవరించుకోవడం, నాకంటే పదేళ్లు పెద్దవాళ్లను "ఏం నాయనా, బాగుండావా" అని పలకరించడం అలవాటైపోయింది. "నడుం పట్టిందా ఏందప్పా?" అని మా ఓనరు జాలిగా అడిగాడు కూడా.

ఒక ఆదివారం ఇంటికి పోయేసరికి నాయన ఫోను పట్టుకుని వెలిగిపోతున్నాడు.

"నంద్యాలలో ఒక పెద్దాయన ఉండాడు. ఎద్దుల తాతంట. పురుగు కనపడకుండా మందు కొట్టొద్దన్నాడు. ఈసారి మానుకున్యా."

"నేనూ అదే గదా చెప్పింది!"

"నువ్ చెప్పేది పుస్తకం. ఆయప్ప చెప్పేది అనుభవం."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కథ అక్కడితో ఆగినా బాగుండేది. దర్శనానికి నంద్యాల వస్తానని నాయన ఎద్దుల తాతకు కబురు పెట్టాడు. (ఆయనకు టైపు చేయడం రాదు, ఫోనుకు నోటితో చెప్పి రాయించేవాడు.) నేను హడలిపోయి, మోకాళ్ల నొప్పులు, ఎవరినీ కలవలేనని జవాబిచ్చాను. అదే నేను చేసిన పొరపాటు. పై ఆదివారం నాయన నా చేతిలో ఒక ఆముదం సీసా, ఒక బుడ్డల సంచి (మా వైపు వేరుశనగను బుడ్డలంటాం) పెట్టాడు.

"పెద్దాయన మోకాళ్లకు రాసి, కాళ్లకు దండం పెట్టి రా."

"ఆయన ఇల్లు యాడో నాకేం తెల్సు నాయనా?"

"అంత పెద్దమనిషిని నంద్యాలలో ఎవుర్నడిగినా చెప్తారు. పో."

సంచి ఒళ్లో పెట్టుకుని బస్సులో నాకు నేనే కానుకలు మోసుకుపోయాను. గదికి చేరి, బుడ్డలు ఉడకబెట్టుకుని తింటూ, తాత పేరుతో నాయనకు రాశాను: "మీ పిల్లోడు వచ్చిపోయినాడప్పా. శానా తెలివైనోడు. వాని మాట ఇనుకో." (రాసేటప్పుడు కొంచెమైనా సిగ్గు వేయలేదు.)

జవాబు వెంటనే వచ్చింది.

"తెలివైనోడని నాకు తెలీదా పెద్దాయనా? పోయినేడు వాడు వద్దన్నా మందు కొట్టి చెడిపోయినా. వాడు చెప్పిందే నిజమని అప్పుడే తెల్సింది. మొగం మీద చెప్తే నెత్తికెక్కుతాదని చెప్పల్యా. మీరు గూడా వానికి చెప్పొద్దండి."

నోట్లో బుడ్డ నోట్లోనే ఉండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏళ్ల తరబడి ఎదురుచూసిన మాట దొరికింది, కానీ అది నాకు చెప్పకూడదట. "చెప్పన్లేప్పా" అని రాశాను. ఆ మాట ఈరోజుదాకా తప్పలేదు.

ఇప్పుడు నా చెంపలు నెరుస్తున్నాయి. సొంత పేరుతోనే రైతులకు సలహాలు చెబుతున్నాను, నాయన కూడా విననట్టు నటిస్తూనే వింటున్నాడు. అయినా ఆ డెబ్బై రెండేళ్ల ముసలాయనంటే నాకు ఇప్పటికీ కాస్త కుళ్లే. మా నాయన మనసు విప్పి మాట్లాడింది ఆయనతోనే.