తేదీ లేని గడ్డం

మా కంపెనీ రికార్డుల్లో సర్దార్జీ హిందువు. ఈ సంగతి ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం చాలా ఏళ్ళపాటు ఎవరికీ రాలేదు. కంప్యూటర్లో మతం అనే గడి దగ్గర నొక్కితే ముస్లిం, క్రిస్టియన్, హిందూ, ఇతరులు అని నాలుగే వస్తాయి. ఆయన చేరిన రోజున ఎవరో గుమాస్తా పాస్‌పోర్టు మీద ఇండియా అని చూసి, తనకు తోచిన చోట నొక్కేశాడు. అంతకు మించి కుట్రేమీ లేదు.

గల్ఫులో, అహ్మది అనే ఊళ్ళో చమురు ప్లాంట్లకు మరమ్మతులు చేసే కాంట్రాక్టు కంపెనీ మాది. నేను ఎస్టిమేటర్ని. డ్రాయింగ్ చూసి ఎంత పైపు పడుతుంది, ఎంత పెయింటు పడుతుంది, ఎన్నాళ్ళు పడుతుంది అని చెప్పడం నా పని. నాకు ఎవరూ నేర్పలేదు. కోనసీమ నుంచి హెల్పరుగా వచ్చి, ఫోర్‌మన్లు పారేసిన డ్రాయింగులు చూసి నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాళ్ళకు ఉండే పట్టుదల నాకూ ఉంది. ఏ పనికైనా మొదలూ చివరా ఉంటాయనీ, ఆ రెండూ తెలిస్తే మధ్యలోది లెక్కకట్టొచ్చనీ నా నమ్మకం.

సర్దార్జీ క్రేన్ ఆపరేటర్. లెక్కలు రాసేవాణ్ణని నన్ను మున్షీజీ అనేవాడు. ఈ పనే ఎందుకు ఎంచుకున్నారని ఒకసారి అడిగితే, క్యాబిన్ లోపల హెల్మెట్ పెట్టుకోనక్కర్లేదు కాబట్టి అన్నాడు. జీతాన్ని చూసి ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. తలపాగా పట్టే ఉద్యోగం వెతుక్కున్నవాడు ఈయనొక్కడే.

ఒక శుక్రవారం నన్ను వాళ్ళ ప్రార్థనకు తీసుకెళ్ళాడు. ఎగైలా దాటాక ఒక అద్దె ఇల్లు. బయట బోర్డు లేదు. ప్రభుత్వం లెక్కలో అది ఇల్లు, చెప్పులు విప్పి లోపలికి వెళ్ళేవాళ్ళకు గురుద్వారా. ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ళను దిద్దబోరు కాబట్టి అందరూ క్షేమం. తలకు చేతిరుమాలు కట్టుకుని నేల మీద వరసలో కూర్చున్నాను. రొట్టె ఒక చేత్తో అందుకోబోతే రెండు చేతులూ పట్టమన్నాడు. ఎంతమందికి వండుతారని అడిగాను. వచ్చినంతమందికి అన్నాడు. ఎంతమంది వస్తారో తెలియకుండా పిండి ఎలా కలుపుతారన్నాను. మున్షీజీ, ముందు తినండి అన్నాడు. తిన్నాను గానీ, ఆ పద్ధతి నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఇక గడ్డం సంగతి. దాన్ని తెలుగువాళ్ళమే మొదలుపెట్టాం.

మా దగ్గర పరంజా కట్టే కడప మనిషి ఒకతను ప్రతి చలికాలం అయ్యప్ప మాల వేసేవాడు. ఒళ్ళంతా కప్పే కవరాల్ లోపల నల్లచొక్కా, మెడలో మాల, ముఖాన గడ్డం. చెప్పుల్లేకుండా నడవాలి గానీ, ప్లాంటులో సేఫ్టీ బూట్లు లేకపోతే గేటు దాటనివ్వరు. ఆ ఒక్కటీ స్వామి చూసుకుంటాడని అతని నమ్మకం. గడ్డం మాత్రం పెద్ద సమస్య అయింది. ప్లాంటులో విషవాయువు లీకైతే ముసుగు తగిలించుకోవాలి. ముఖం మీద వెంట్రుకలుంటే ముసుగు అతుక్కోదు. అందుకని లోపలికి వెళ్ళేవాళ్ళందరూ నున్నగా గీసుకోవాలని రూలు.

అప్పుడు మా ఆఫీసులో మనుషుల వ్యవహారాలు చూసే ఈజిప్టు ఆయన నన్ను పిలిచి ఇదేమిటని అడిగాడు. దీక్ష నలభై ఒక్క రోజులేననీ, ఫలానా తేదీన మాల తీస్తాడనీ, ఆ సాయంత్రమే గడ్డం తీయిస్తాడనీ చెప్పాను. తేదీ విన్నాక ఆయన ముఖం వికసించింది. అప్పటిదాకా ప్లాంటు బయట యార్డులో పని ఇచ్చి, తర్వాత లోపలికి పంపుతానన్నాడు. తేదీ వచ్చింది, గడ్డం పోయింది, అతను లోపలికి వెళ్ళాడు. హిందువులు మాట మీద నిలబడే మనుషులని ఈజిప్టు ఆయనకు గురి కుదిరింది. ఆ తర్వాత గడ్డం ఉన్న ఇండియన్ ఎవడు కనిపించినా స్వామీ అని పలకరించేవాడు.

క్రేన్ క్యాబిన్లో ఉండేవాళ్ళకు ముసుగు పరీక్ష అక్కర్లేదని అంతవరకూ ఒక వెసులుబాటు ఉండేది. ఈ ఏడు పెద్ద షట్‌డౌన్ ముందు అది తీసేశారు. ప్లాంటు మొత్తం ఆపి మరమ్మతు చేసే ఆ నెలల్లో గేటు దాటే ప్రతివాడూ పరీక్ష పాసవ్వాలి, గేటు పాసు లేనివాడికి ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, పొడిగించేది లేదు అని చెప్పేశారు. ముసుగు తగిలించి, తల మీద సంచీలాంటిది కప్పి, లోపలికి చేదు మందు కొడతారు. నాలుకకు చేదు తెలిస్తే ముసుగు కారుతున్నట్టు. సర్దార్జీ బయటికి వచ్చి, కాకరకాయ తిన్నట్టుంది మున్షీజీ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆయన ఇఖామాకు మిగిలింది ఆ షట్‌డౌన్ అంత కాలమే.

మరునాడు ఈజిప్టు ఆయన నన్ను పిలిచాడు. కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. అప్పుడే నాకు సర్దార్జీ హిందువని తెలిసింది.

"ఈ స్వామికి ఎప్పుడు ఖలాస్ అవుతుంది? తేదీ చెప్పు" అన్నాడు.

ఆయన వెటకారంగా అడగలేదు. మంచి మనసుతోనే అడిగాడు. తేదీ ఒకటి ఉంటే సర్దార్జీని అప్పటిదాకా యార్డులో వేసుకోవచ్చు, దీక్షలో ఉన్నాడని రాసి ఇఖామా పొడిగించవచ్చు. తేదీ దాటాక ఇంకో దీక్ష. నేను మనసులోనే లెక్క చూసుకున్నాను. నలభై ఒక్క రోజుల ముక్కలు వరసగా పేర్చుకుంటూ పోతే ఆయన రిటైర్ అయ్యేదాకా బండి నడుస్తుంది. ఎవరికీ నష్టం లేదు. నేను అనవలసిందల్లా ఒకే ఒక్క మాట, మావాడే అని. రేపు చెబుతానని వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర సర్దార్జీకి ఈ ఉపాయం చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను. ఆయన టిఫిన్ డబ్బా మూత పెట్టి, వాళ్ళ చిన్నాన్న సంగతి చెప్పాడు. ఎనభై నాలుగులో ఢిల్లీలో సిక్కులను వెతికి వెతికి చంపుతున్న రోజుల్లో పక్కింటి హిందువులు ఆయన్ని లోపలికి లాక్కుని, జుట్టూ గడ్డమూ కత్తిరించి, వచ్చినవాళ్ళకు మావాడే అని చెప్పారట. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. చిన్నాన్న బతికాడు. ఆ పక్కింటివాళ్ళను చివరిదాకా దేవుళ్ళలా చూశాడు. కానీ ఆ తర్వాత తన ఫొటో మాత్రం ఎవర్నీ తీయనివ్వలేదు.

"వాళ్ళు మంచివాళ్ళు, మున్షీజీ. మీరూ మంచివాళ్ళే. కానీ ఆ రోజు చంపడానికి వచ్చినవాళ్ళు కత్తులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఇక్కడ ఎవరున్నారు? ఒక కంప్యూటర్" అన్నాడు.

ఇఖామా పోతుంది కదా అన్నాను. పోతుందన్నాడు. దేశంలో ఎవరైనా సిక్కులూ హిందువులేనంటే నేనూ తల ఊపేవాణ్ణి. అది మర్యాద అనుకునేవాణ్ణి. అవతలివాళ్ళను అడగాలని ఎప్పుడూ తోచలేదు. ఏం చెప్పమంటారని ఈయన్ని అడిగాను.

"మావాడు కాదని చెప్పండి" అన్నాడు. "అదొక్కటీ చెప్పండి చాలు."

మరునాడు ఈజిప్టు ఆయన కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. సర్దార్జీ నా పక్కనే నిలబడ్డాడు.

"ఆయన మా మతం కాదు సార్. సిక్కు. ఆ గడ్డానికి తేదీ లేదు" అన్నాను.

"అంటే ఎప్పటికీ తీయడా?"

"తీయడు."

"అయితే లోపలికి ఎప్పటికీ వెళ్ళడు."

"వెళ్ళడు."

నా ఉద్యోగంలో ఇంత తేలికైన లెక్క ఇంకొకటి చేయలేదు. ఈజిప్టు ఆయన నిజంగానే బాధపడ్డాడు. దేవుడి కోసం పెంచిన గడ్డమంటే తనకు గౌరవమేననీ, తన అన్నకూ ఉందనీ, ఆ అన్నను కూడా తాను లోపలికి పంపననీ చెప్పాడు. తర్వాత సిక్కు అనే మాట కోసం కంప్యూటర్లో వెతికాడు. లేదు. ఇతరులు అని నొక్కి, సరేనా అన్నట్టు చూశాడు. సర్దార్జీ సరే అన్నాడు. షట్‌డౌన్ అయ్యేదాకా యార్డు, ఆ తర్వాత ఇంకో కఫీల్, అంటే ఇంకో యజమాని దగ్గరికి మారడానికి రిలీజ్. సిటీలో షర్క్ అనే పేటలో కొత్త బిల్డింగు కడుతున్న కాంట్రాక్టరు దగ్గర ఖాళీ ఉందట, జీతం తక్కువ. అక్కడ గ్యాస్ లేదు కాబట్టి ముసుగూ లేదు.

సాయంత్రం కంపెనీ బస్సులో కడప మనిషి నా మీద విరుచుకుపడ్డాడు. పొద్దున జరిగింది అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

"ఏందన్నా, మనోణ్ణి మనోడు గాదని నీ నోటితో ఎట్లా అంటివి? ఒక్క మాట అనింటే నౌకరీ నిలబడేది గదా. ఆ సర్దారు ఎవురికి కానోడు?"

అతను ఏమంటున్నాడని సర్దార్జీ నన్ను అడిగాడు. హిందీలో చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి, మాల వేసినప్పుడు నీ గడ్డం గీసేయమంటే గీస్తావా అని కడప మనిషిని అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.

"యాడ గీస్తా? మాల మీద ఉండంగా?"

ఆ నలభై ఒక్క రోజులూ నువ్వెలా ఉంటావో, నేను పుట్టినప్పటినుంచీ అలాగే ఉన్నానన్నాడు సర్దార్జీ. కడప మనిషి చేతులు రెండూ జోడించాడు. బస్సు సిగ్నల్ దగ్గర ఆగగానే నా భుజం తట్టాడు.

"ఏండ్ల తరబడి దీక్షంటే మాటలా అన్నా. యాటమాంసం గూడా ముట్టడా? అడుగు."

అడిగాను. బ్రహ్మాండంగా తింటానన్నాడు సర్దార్జీ, ముఖ్యంగా శుక్రవారం సాయంత్రాలు, తానే వండుకుంటానని కూడా చెప్పాడు.

కడప మనిషి జోడించిన చేతులు విడదీసుకుని, ఆయన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు.

"అట్లయితే నువ్వు మావోడివి గాదులే, సర్దారూ" అన్నాడు.

ఈ మాటను తిరిగి చెప్పమని సర్దార్జీ నన్ను అడగలేదు. "శుక్రియా" అన్నాడు.