మనాది లేదని చెప్పిన నోరు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆడిన అబద్ధం ఇది. రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. అబద్ధం మాత్రం నా గుండెల మీద నుంచి కదలలేదు. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను హేతువాదిని. దయ్యాలనూ దిష్టినీ తాయెత్తులనూ వేదికలెక్కి ఉతికి ఆరేసినవాణ్ణి. సాక్ష్యం లేనిదే ఏదీ నమ్మవద్దని ఊరూరా చెప్పాను. అలాంటి నేనే సాక్ష్యాన్ని దాచాను.

ప్రొద్దుటూరులో మా అక్క నా దగ్గరే ఉండేది. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఆమె గాజులు తీయనివ్వలేదని, చదువు చెప్పించానని నాకు గర్వం. సాయంత్రాలు నేతగాళ్ల వీధిలో, కండెలకు నూలు చుట్టే ఆడవాళ్ల మధ్య కూర్చునేది. వాళ్లు అమ్మవారి పాటలు పాడుకునేవారు. నా ఇంటి మనిషి ఆ పాటలు పాడడమా? వద్దన్నాను. ఎదురు చెప్పకుండా అటు పోవడమే మానేసింది.

మెల్లగా ఆమెకు అన్నమూ సహించకుండా పోయింది. ఒళ్లు శుష్కించింది. డాక్టరు చూసి ఏ లోపమూ కనబడలేదన్నాడు, బలానికి టానిక్కు రాశాడు. వీధిలో మాత్రం అందరిదీ ఒకటే మాట: మనాది. దిగులు ఒంట్లోకి దిగి మనిషిని తినేస్తుందట. నవ్వాను. అలాంటి రోగం ఏ వైద్యగ్రంథంలో ఉంది?

వేసవి సెలవుల్లో ఉపన్యాసాలకని జమ్మలమడుగు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అక్క బుగ్గలు నిండాయి, మారు వడ్డించుకుని తింటోంది. మనాది మీద మందు గెలిచిందని ఒక వ్యాసం రాసి పంపాను. అచ్చయ్యాక తెలిసింది, సీసాల మూతలైనా తీయలేదని. నేను ఊరు దాటగానే ఆమె మళ్లీ ఆ ఆడవాళ్ల దగ్గరికి పోయి కూర్చుంది. పాడింది, పడీపడీ నవ్వింది, కోలుకుంది. సవరణ రాయాలి కదా? రాయలేదు. రాస్తే అవతలివాళ్లు అమ్మవారి మహిమ అని ఎగరరా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నేను భయపడింది నా పేరు గురించే.

అక్కడితో ఆగినా బాగుండేది. పులివెందులలో సభ ముగిశాక ఒక రైతు నన్ను ఆపాడు. బిడ్డ చనిపోయినప్పటి నుంచి అతని భార్య మంచం పట్టింది.

"అయివారూ, మీ యాసం సదివించుకుంటి. మీ యక్కకు మందుతోనే నయమాయెనా?"

"మందుతోనే."

"మా ఆడది లింగాలకు, వాళ్లక్క కాడికి పోతానంటాంది. ఆడుంటే మనసు కుదుటపడ్తాదంట. పంపమంటారా?"

"మనసుకూ జబ్బుకూ ఏం సంబంధమప్పా? ఆ బండి బాడుగతో మందు కొను."

"సరే. మా యత్త నన్ను శానా తిడ్తాది. తిట్టనీలే, మీరు సదువుకున్నోళ్లు."

పంపలేదు. ఆమె ఏళ్ల తరబడి మంచంలోనే ఉండిపోయింది. చివరికి వాళ్లక్క బండి తోలించుకొని వస్తే, మొగుడితో కొట్లాడి ఎక్కి వెళ్లిందట. ఇప్పుడు లింగాలలోనే ఉండి చేనికి పోతోందని, నవ్విందంటే నాలుగిళ్లకు వినబడుతుందని ఆ వైపు మనిషి ఒకడు చెప్పాడు. విని సంతోషించాను. సంతోషించే హక్కు నాకుందా? ఆమె లేచి తిరుగుతున్నది నా మాట విన్నందుకు కాదు, కాదన్నందుకు.

నేను దేవుడి వైపు తిరగలేదు. జ్వరమొస్తే ఇప్పటికీ డాక్టరు దగ్గరికే పొమ్మంటాను. కానీ తోడూ నవ్వూ కూడా ఒంటికి పట్టే తిండేనని కళ్లారా చూసి, చూడలేదన్నాను. అది హేతువాదం కాదు, అహంకారం.

నిన్న అక్కకు అంతా చెప్పాను. రాట్నం తిప్పడం ఆపకుండానే వింది.

"ఆ యమ్మకు చెప్పినావా?"

"లేదు."

"మరి నాకెందుకురా చెప్తాండావు? లింగాలకు దోవ తెలీదా ఏంది?"

తెలుసు. రేపు పొద్దున పులివెందుల బస్సెక్కుతాను, అక్కణ్ణుంచి లింగాలకు. ఆమె క్షమించకపోవచ్చు, వాకిట్లోనే నిలబెట్టి కడిగేయవచ్చు. ఇంతవరకు రాశాక, ఎన్నాళ్లకో, నాకు గట్టిగా ఆకలేసింది. దీన్ని కూడా సాక్ష్యం కింద ఒప్పుకోక తప్పదు.