దొంగ దిబ్బ దగ్గర రోహు

మా వియ్యంకుడు మొదటిసారి మా ఇంటికి వచ్చి, కారు దిగీ దిగగానే అడిగిన మాట ఇది: "చెల్లెమ్మా, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళుంటాయాండీ, లేకపోతే గుడ్డతో తుడుచుకోమంటారా?"

అందరం నవ్వాం. గోదావరి వైపు మనిషి, వెటకారం ఆయనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. మనసులో ఏమీ ఉండదు. కానీ ఆయన వెనక నిలబడిన నా కూతురు మాత్రం నవ్వలేదు. తల వంచుకుని, ఊడని చెప్పు బెల్టును సర్దుకుంది. పెళ్ళయి ఏడాది దాటింది. ఆ తల వంచుకోవడం చూడగానే ఇది కొత్త మాట కాదని నాకు అర్థమైపోయింది.

సాయంత్రం వంటింట్లో నిలదీశాను. "ఏమే, ఆడ రోజూ ఇట్లే అంటాడా మీ మామ?"

"ఉత్తగ అంటాడు లేమా. నేను బిందె నిండా పట్టుకుంటే 'ఎప్పుడూ చూడలేదు కదా పాపం, పట్టుకోనీ' అంటాడు. సగం పట్టుకుంటే 'మీ ఊరు కాదమ్మా, పొదుపు చెయ్యక్కర్లేదు' అంటాడు. చుట్టాలొస్తే 'నీళ్ళు లేని ఊరి పిల్ల' అని చూపిస్తాడు. మంచోడే మా. నన్ను సొంత బిడ్డ మాదిరి చూసుకుంటాడు. కానీ..."

ఆ 'కానీ' దగ్గర ఆగిపోయి ఉల్లిగడ్డలు తరగడం మొదలుపెట్టింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కూతురి కళ్ళలో నీళ్ళు ఉల్లిగడ్డల వల్లేనని నమ్మేంత వెర్రిదాన్ని కాను.

రాత్రి భోజనాల దగ్గర అనేశాను. "అన్నా, ఆదివారం దాకా ఉండి పోండి. మా చెరువు చేప మీ కంచంలో పెడతా. నేనే పట్టి, నేనే పొగబెట్టి పెడతా."

"మీ చెరువులో చేపలా! వాటికి ఈత వచ్చాండీ?"

"పెడతానంటాండా కదా. పెడితే మా పిల్లను ఇంకెప్పుడూ నీళ్ళు లేని ఊరి పిల్ల అనకూడదు. చుట్టాల ముందర అసలే అనకూడదు."

"పెట్టలేకపోతే?"

"జన్మంతా అనుకోండి."

మా ఆయన చేతిలో ముద్ద నోటి దాకా పోయి ఆగింది. కూతురు నన్ను గుడ్లురిమి చూసింది. వియ్యంకుడు మాత్రం హుషారుగా, "సరేనండీ. నేనూ వస్తాను గాలానికి. నేను పట్టింది మాత్రం మీ లెక్కలోకి రాదు సుమా" అన్నాడు. కారు డిక్కీలో ఆయన గాలం సామాను ఎప్పుడూ ఉంటుందట. ఆ సంగతి తెలిసేసరికి నా నోటిదురుసును నేనే తిట్టుకున్నాను.

నేను బడిలో పిల్లలకు వంట చేస్తాను. గాలం అనేది నా వయసు ముదిరాక అంటుకున్న పిచ్చి. మా కళ్యాణదుర్గం వైపు చెరువు అంటే మేకలు మేసే చోటు. కంపచెట్లు, పగుళ్ళిచ్చిన మట్టి, అంతే. కొన్నేళ్ళ కిందట కాలువ నీళ్ళు వచ్చి చెరువు నిండాక గదా చేపలు వదిలారు. చెరువును వేలంలో పాడుకున్నాయన నాతో, "వల వేస్తే ఊరుకోనక్కా. గాలమైతే ఆదివారం వేసుకో" అన్నాడు. అప్పట్నుంచి నాకు ఆదివారమంటే చెరువుకట్టే.

మొదట వెదురు కర్రతో మొదలుపెట్టాను. తర్వాత అనంతపురం పోయి రీలున్న ఫైబరు కర్ర కొన్నాను. అంగడతను పొడవాటిది అంటగట్టబోయాడు. నేను ఏడడుగులదే తీసుకున్నాను, కట్ట మీద కంపచెట్ల మధ్య పొడుగు కర్ర ఊపితే చెట్టుకే తగులుకుంటుంది. నీళ్ళ మీద తేలే బెండుకు అరిగిపోయిన రబ్బరు చెప్పు ముక్క కోసి పెట్టుకుంటాను. బరువుకు బోరు మెకానిక్ పారేసిన నట్టు. డబ్బు పెట్టాల్సింది దారం మీద, కొక్కెం మీద మాత్రమే. కొక్కెం మొనను బొటనవేలి గోరు మీద ఆనించి లాగి చూడాలి. గోరును పట్టుకుంటే పదునుంది, జారిపోతే ఆకురాయి తియ్యాలి.

ఎరకు నాకు వంట తెలియడం పనికొచ్చింది. చెనిక్కాయల నూనె ఆడగా మిగిలిన చెక్కను ముందురోజు రాత్రే నానబెడతాను. తెల్లారేసరికి కాస్త పులిసిన వాసన వస్తుంది. దాంట్లో గోధుమ పిండి, పిడికెడు తవుడు కలిపి పిసకాలి. చపాతీ పిండంత మెత్తగా ఉంటే నీళ్ళలో పడగానే విడిపోతుంది. సంగటి ముద్దంత గట్టిగా ఉండాలి.

ఆదివారం పొద్దున ఆరుకల్లా చెరువు దగ్గర ఉన్నాం. నేను, వియ్యంకుడు, టిఫిను డబ్బా పట్టుకుని కూతురు. మా ఆయన పొగ డ్రమ్ము సిద్ధం చేస్తానని ఇంటి దగ్గరే ఉండిపోయాడు. వియ్యంకుడు పెట్టె తెరిచాడు. అరల్లో అరలు, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు, మెరిసే కొక్కేలు. పెళ్ళికూతురి నగల పెట్టె కూడా అంత ముద్దుగా ఉండదు. ఆయన గాలి ఎటుందో చూశాడు, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూశాడు, తూము పక్కన నీడలో చోటు ఎంచుకున్నాడు. తెలిసిన మనిషే, కాదనను.

నేను మాత్రం నీళ్ళు చూడలేదు. ఇటు పాడుబడిన మోటారు షెడ్డు, అటు కొండ మీద సెల్ టవరు, రెండూ ఒకే గీతలోకి వచ్చేచోట నిలబడి విసిరాను. ఎప్పుడూ అక్కడే వేస్తాను.

ఎనిమిదయింది. ఆయన అరచేతంత జిలేబీ చేపలు రెండు పట్టి, "పిల్లలండీ, బడికి పోవాలి" అని మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు. నా బెండు కదల్లేదు. తొమ్మిదయింది. ఎండ నెత్తికెక్కుతోంది. పది దాటితే చేప లోతుకు పోయి నోరు మూసుకుంటుంది. "చెల్లెమ్మా, వాటికి నిజంగా ఈత రాదేమోనండీ, అడుగునే నడుస్తున్నట్టున్నాయి" అన్నాడాయన. నవ్వుదామంటే నవ్వు రాలేదు. కూతురు ఉప్మా పెట్టింది. డబ్బా మూసి పక్కన పెట్టాను. ఎందుకు నోరు జారానురా దేవుడా, నా పంతానికి బిడ్డ జన్మంతా ఆ మాట పడాలా అనుకుంటూ ఎర ముద్ద మార్చి అక్కడికే మళ్ళీ విసిరాను.

"యాడికి వేస్తాండావు మా? ఉత్త నీళ్ళే గదా, ఈడైతేనేం ఆడైతేనేం?" అంది కూతురు.

"ఉత్త నీళ్ళు కాదే. ఆడ కింద దిబ్బ ఉండాది."

ఆ దిబ్బ సంగతి దానికి ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు చెప్పాను. కరువు పనికి మేము ఈ చెరువులో పూడిక తీశాం. ఎంత లోతు తవ్వామో తెలియడానికి గుంత మధ్యలో కొంచెం నేలను తవ్వకుండా వదిలేస్తారు. పాత నేల ఎత్తు ఎంతో అదే సాక్ష్యం. కొలత వేసే ఆయన దాని తల నుంచి అడుగుకు టేపు పట్టి చూసేవాడు. కొలతకు తగ్గట్టే కూలి. అప్పుడు నాకు ఐదో నెల. గంప ఎత్తుకుంటే కళ్ళు తిరిగేవి. నా మూలంగా మా గుంపు గుంత లోతు తక్కువ పడింది. గుంపులో ఒక ముసలామె ఉండేది. ఎవరూ చూడకుండా ఆ దిబ్బ నెత్తిన రెండు గంపల గరుసు మన్ను పోసి, కాళ్ళతో తొక్కి, పాత నేల మాదిరే కనబడాలని పైన ఎండు గడ్డి కూడా నాటింది. కొలత ఆయన వచ్చి దిబ్బను చూశాడు, గడ్డిని చూశాడు, నా కడుపు చూశాడు. మాట్లాడకుండా రాసుకుని పోయాడు. ఆనాటి నుంచి దానికి దొంగ దిబ్బ అని పేరు. మిగతా దిబ్బలన్నీ కరిగిపోయాయి గానీ అది గట్టిపడి నిలబడింది. నీళ్ళు వచ్చేదాకా దాని మీద మేకలెక్కి నిలబడేవి. ఇప్పుడు దాని చుట్టూ లోతు, పక్కన నీడ. చేపకు ఇంకేం కావాలి?

కూతురు నోరు తెరుచుకుని విన్నది. తర్వాత చెరువును, షెడ్డును, టవరును మార్చి మార్చి చూసింది. "మా, పోయినసారి నేనొచ్చినప్పుడు ఆ వేపచెట్టు మొదలు దాకా నేలే ఉండె. ఇప్పుడు నీళ్ళలో ఉండాది. నువ్వు పది అడుగులు వెనక్కొచ్చి నిలబడుకున్నావు. ఎప్పటి మాదిరే విసిరితే దిబ్బ దాకా యాడ పోతుంది?"

అయ్యో నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఈసారి వానలు బాగా పడి నీళ్ళు కట్టకేసి ఎక్కాయి. పుట్టినప్పటి నుంచి నీళ్ళు తగ్గడం చూసిన కళ్ళు నావి. పెరగడం కూడా ఒకటి ఉంటుందని తోచనే లేదు.

పరిగెత్తాం. కట్ట పక్కన నీళ్ళలోకి పొడుచుకొచ్చిన బండ ఉంది. అక్కడి నుంచి దొంగ దిబ్బ దగ్గర. బండ కొనకు పోయి కొత్త ముద్ద గుచ్చి విసిరాను. చెప్పు ముక్క నిలకడగా నిలిచింది. కాసేపటికి ఒకసారి వణికింది. ఆగాను. ఆత్రపడి వణుకుకే లాగితే చేప పోతుంది, అది మునిగాకే లాగాలి. మళ్ళీ వణికింది. ఆ తర్వాత ఒక్కసారిగా మాయమైంది.

లాగాను. కర్ర విల్లులా వంగింది, రీలు గిర్రుమంది. "అన్నా!" అని ఎందుకు కేకేశానో నాకే తెలియదు. ఆయన తన కర్ర అక్కడే పారేసి, జాలి గరిట లాంటి వల పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "లాగొద్దు చెల్లెమ్మా, పోనివ్వండి! అలిసిపోనివ్వండి! ఆఁ, ఇప్పుడు తిప్పండి!" ఆ చేప ఒడ్డుకు చేరితే ఓడేది తానేనని ఆ మనిషికి గుర్తే లేదు. చేప దిబ్బ వెనక్కు తిరగబోయింది. అటు పోతే దారం తెగుతుంది. కర్ర పక్కకు వాల్చి మళ్ళించాను. చేతులు పీకాయి. చివరికి ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడుపుకుంటూ దిగి వల కింద పెట్టి లేపాడు.

"శీలావతండీ!" అని అరిచాడు. మేము రోహు అంటాం. నాలుగు కేజీలకు తక్కువ లేదు.

బండ మీద ముగ్గురం కూలబడ్డాం. ఆయనకు ఆయాసం తగ్గాక అడిగాడు: "మూడు గంటలు ఈ నీళ్ళనే చూశానండీ, నాకు ఇక్కడ ఏమీ కనిపించలేదు. మీకెలా తెలిసింది?"

నేను నోరు తెరిచేలోపే నా కూతురు అంది. "మా అమ్మ ఆడ మట్టి మోసింది మామయ్యా. నేను అప్పుడు కడుపులో ఉండా. నీళ్ళు లేని ఊరే మాది. లేవు కాబట్టే అడుగంతా నడిచి చూసినారు వీళ్ళు." దొంగ దిబ్బ కథ మొత్తం తనే చెప్పింది. తల ఎత్తి చెప్పింది. ఆయన వింటూ నీళ్ళకేసే చూశాడు. వెటకారం ఆడలేదు.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టాం. చేపను బొటనవేలంత మందం ముక్కలు కోసి, రాళ్ళ ఉప్పు, పసుపు కలిపిన నీళ్ళలో రెండు గంటలు ఉంచాను. తర్వాత తుడిచి నీడలో గాలికి వేలాడదీశాను. తడి ముక్కకు పొగ పెడితే చేదెక్కుతుంది. చర్మం వేలికి జిగటగా తగిలేదాకా ఆరాలి. వియ్యంకుడు గంట గంటకూ తాకి చూసి ఆశ్చర్యపోయాడు. "మా దగ్గర ఇంత త్వరగా ఆరదండీ. ఈ ఎండు గాలి మా ఊళ్ళో ఎక్కడిది?" అన్నాడు.

డ్రమ్ము అడుగున మా ఆయన కంపచెట్టు బొగ్గులు పరిచాడు. ఆయన చెనిక్కాయల మిల్లులో పని చేస్తాడు, పొట్టుకు కొదవ లేదు. బూజు పట్టని పొడి పొట్టు ఏరి, కొద్దిగా నీళ్ళు చిలకరించి బొగ్గుల మీద చల్లాం. మంట రాకూడదు, పొగే రావాలి. నేను మొదటిసారి చేసినప్పుడు మంట లేచి, గడ్డివామి అంటుకుందనుకుని వీధి వీధంతా బిందెలతో వచ్చింది. ఆ కథ విని వియ్యంకుడు "అన్ని బిందెల నీళ్ళు ఎక్కడివండీ?" అనబోయి, 'అన్ని బి' దగ్గరే నాలుక కరుచుకున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నా కూతురే.

మూడు గంటలు పొగ తగిలాక ముక్కలు బంగారు రంగుకు తిరిగాయి. జొన్న రొట్టె, ఎర్రకారం, పొగ చేప. ఆయన కంచంలో మొదటి ముక్క నేనే పెట్టాను. ముల్లు తీసి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వేయించిన చెనిక్కాయల వాసన వస్తోందన్నాడు. నాలుగో ముక్క కూడా తనే అడిగి వేయించుకున్నాడు.

మర్నాడు బయలుదేరేటప్పుడు కారు డిక్కీలో గాలం పెట్టెను పక్కకు నెట్టి, పొట్టు మూట ఎక్కించుకున్నాడు. "గాలి కూడా ఒక మూట కట్టివ్వండి చెల్లెమ్మా" అన్నాడు. పందెం గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కారు మలుపు తిరిగేదాకా మాట నిలబెట్టుకుంటాడా లేదా అని చూస్తూ నిలబడ్డాను.

రెండు నెలలకు కూతురు ఫోను చేసింది. గొంతులో నవ్వు.

"మా, నిన్న ఈడికి చుట్టాలొచ్చినారు. పొగ చేప పెట్టినాడు మామయ్య, వాళ్ళు నన్ను చూసి ఏ ఊరి పిల్ల అని అడిగినారు. ఏమన్నాడో తెల్సా? 'మా కోడలు పుట్టకముందే చెరువు తవ్విందండీ' అన్నాడు."

పొట్టు ఇంకా ఉందా అని అడిగాను.

"అయిపోయింది మా. ఇంకో మూట పంపమన్నాడు."